ల్యాండ్ టైట్లింగ్ చట్టం గొడవలో ఎవరి మాట నిజం? ఎన్నికల సభల్లో ఎవరూ పూర్తిగా చెప్పని సంగతి

మీ ప్రశ్న ఇది: నాన్నగారు వైసీపీ, మేనమామ టీడీపీ. 2024 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం (ప్రభుత్వ రిజిస్టరులో పేరున్నవాడిదే భూమి అని ఖాయం చేసే చట్టం) మీద ఇద్దరూ వాదించుకుని మాటలు మానేశారు. చట్టం రద్దయినా వాదన మాత్రం తెగలేదు. మీ అక్కను ఇచ్చిన ఖమ్మం జిల్లాలోనూ 2023లో తెలంగాణ భూమి రికార్డుల పోర్టల్ ధరణి మీద ఇలాంటి గొడవే నడిచింది. ఇందులో నిజం ఎవరిది, మళ్ళీ ఎన్నికలొస్తే ఓటరు ఏం చూడాలి అని అడిగారు.

నేను పల్నాడు వైపు చిన్న కోర్టులో చాలా ఏళ్లుగా సివిల్ ప్రాక్టీసు చేస్తున్నాను. నా దగ్గరకు వచ్చే దావాల్లో ఎక్కువ భాగం పొలం గట్లు, పంపకాలు, పాస్‌బుక్కు తప్పులే. అందుకని ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ముందు అదే చెప్తాను. “జగన్ మీ భూములు లాక్కుంటాడు” అన్న ప్రచారానికి చట్టంలో ఆధారం లేదు. “ఈ చట్టంతో భయపడాల్సిందేమీ లేదు” అన్న జవాబూ నిజం కాదు. రికార్డులో తప్పు పడితే దిద్దించుకునే దారిని ఆ చట్టం ఇరుకు చేసింది. రైతుకు అసలు ప్రమాదం అక్కడుంది. సభల్లో దాని గురించి మాట్లాడింది తక్కువ.

ఇప్పుడు మన భూమి హక్కు దేని మీద నిలబడి ఉందో ముందు చూద్దాం. చాలామంది రిజిస్ట్రేషన్ అయిపోతే భూమి మనదైపోయినట్టే అనుకుంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రారు నమోదు చేసేది దస్తావేజును మాత్రమే. అమ్మేవాడికి అసలు హక్కుందా లేదా అని తేల్చడం ఆయన పని కాదు. పట్టాదారు పాస్‌బుక్కూ, 1-బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రికార్డు), అడంగలూ (ఏ పొలం ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు) అంతే. కోర్టులో అవి మంచి సాక్ష్యాలు, అంతకుమించి కాదు. ఎదుటివాడు అంతకన్నా బలమైన సాక్ష్యం తెస్తే పాస్‌బుక్కు పక్కకు పోతుంది. హక్కు ఎవరిదో చివరికి తేల్చేది సివిల్ కోర్టు.

ఈ పద్ధతితో కష్టాలు తక్కువేమీ లేవు. తాత వేసిన దావా మనవడి కాలానికి తేలిన కేసులు నా బీరువాలోనే ఉన్నాయి. ఒకే పొలాన్ని ఇద్దరికి అమ్మేసి పోయినవాళ్లున్నారు. బ్యాంకు లోను కోసం లింకు డాక్యుమెంట్లు వెతుక్కుంటూ తిరిగేవాళ్లయితే లెక్కలేనంత మంది. కాబట్టి “ప్రభుత్వమే ఒక రిజిస్టరు రాసి, అందులో పేరుంటే హక్కు ఖాయమని హామీ ఇవ్వాలి” అన్న ఆలోచన చెడ్డదేమీ కాదు. దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ 1858లో ఇలాంటి పద్ధతే తెచ్చాడు. ఇప్పుడది చాలా దేశాల్లో ఉంది. మన దేశంలో నీతి ఆయోగ్ ఇందుకోసం ఒక నమూనా చట్టం తయారు చేసి రాష్ట్రాలకు పంపింది. ఆంధ్రప్రదేశ్ 2022లో చట్టం చేసుకుంది, 2023లో రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, అదే ఏడాది అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెస్తూ జీవో వచ్చింది.

ఈ జీవో తేదీ గుర్తుపెట్టుకోండి. ఎన్నికల సభల్లో వైసీపీ నాయకులు “చట్టం ఇంకా అమల్లోకే రాలేదు, రీసర్వే (పొలాలన్నీ మళ్లీ కొలిచే పని) అంతా పూర్తయ్యాకే” అని చెప్తూ వచ్చారు. రూల్సు తయారు కాలేదు, గ్రామాల్లో టైటిల్ రిజిస్టర్లు తెరవలేదు, ఆ మాట వాస్తవమే. కానీ చట్టం అమల్లోకి వచ్చిందని ప్రభుత్వమే జీవో ఇచ్చాక, అసలు లేనే లేదన్నట్టు మాట్లాడితే జనం నమ్మరు. నమ్మలేదు కూడా. 2023 డిసెంబరు, 2024 జనవరి నెలల్లో మా లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు. అప్పటికి ఎన్నికల షెడ్యూలే రాలేదు. ఈ గొడవ టీడీపీ ఎన్నికల కోసం పుట్టించిందని మీ నాన్నగారు అంటుంటే, ఈ ఒక్క విషయం ఆయనకు గుర్తుచేయండి. చట్టాన్ని హైకోర్టులో సవాలు చేసింది కూడా ఎన్నికల వేడి మొదలుకాక ముందే.

ఇప్పుడు మీ మేనమామ వైపు వద్దాం. ఆయన నమ్మిన వాటిలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి టైట్లింగ్ చట్టం. రెండోది రీసర్వే. అది 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైంది, అంటే ఈ చట్టం కన్నా ముందుది, వేరే పని. సర్వే రాళ్ల మీద, పాస్‌బుక్కు మీద జగన్ ఫొటో వేసింది రీసర్వేలోనే. మూడోది రిజిస్ట్రేషన్ శాఖ 2023లో తెచ్చిన కొత్త కంప్యూటర్ పద్ధతి. “ఒరిజినల్ దస్తావేజు వాళ్ల దగ్గర పెట్టుకుని మీకు జిరాక్సు ఇస్తారు” అన్న మాట అక్కడ పుట్టింది. ఈ మూడింటినీ ఒకే మూటగా కట్టి “నీ పొలం రాయి మీద అతని బొమ్మ, నీ కాగితం అతని దగ్గర, రేపు నీ పొలం కూడా అతనిదే” అని చెప్పారు. వినడానికి ఒకదాని వెంట ఒకటి అతికినట్టే ఉంటుంది. చట్టం చదివితే ఈ మూడూ కలవవు. ప్రైవేటు భూమిని ప్రభుత్వం తీసేసుకోవచ్చన్న సెక్షను అందులో లేదు.

ఫొటో విషయంలో మాత్రం తప్పు ప్రభుత్వానిదే. తాతముత్తాతల నుంచి వచ్చిన పొలం గట్టున ముఖ్యమంత్రి బొమ్మున్న రాయి పాతితే ఏ రైతుకైనా మనసు చివుక్కుమంటుంది. నా క్లయింట్లలో వైసీపీ కుటుంబాలవాళ్లే “అదెందుకండీ అక్కడ” అనడం విన్నాను. ఆ బొమ్మ లేకపోతే ఇంత భయం అంటుకునేది కాదని నా నమ్మకం.

ఇక అసలు విషయం. వైసీపీ చెప్పిన గట్టి జవాబు “ఇది నీతి ఆయోగ్ చట్టం, బీజేపీ ప్రభుత్వం చెప్తేనే చేశాం, మరి బీజేపీతో పొత్తు పెట్టుకుని మమ్మల్ని అంటారేంటి?” అని. 2019లో ఈ బిల్లు మొదటిసారి అసెంబ్లీకి వచ్చినప్పుడు టీడీపీ సభ్యుడే సమర్థించాడని వీడియో కూడా తిప్పారు. రాజకీయంగా అది మంచి జవాబే. కానీ నీతి ఆయోగ్ నమూనాను, రాష్ట్రం చేసిన చట్టాన్ని పక్కపక్కన పెట్టి చదివితే రెండు చోట్ల తేడా కనిపిస్తుంది. నమూనాలో అభ్యంతరం చెప్పుకోవడానికి మూడేళ్ల గడువుంది, మన చట్టంలో రెండేళ్లు. నమూనాలో గొడవ పైకి వెళ్తే వినేది న్యాయాధికారులుండే ట్రిబ్యునల్. మన చట్టంలో ఆ స్థానంలో ల్యాండ్ టైట్లింగ్ అప్పిలేట్ ఆఫీసరు, అంటే జాయింట్ కలెక్టరు స్థాయి అధికారి. కింద పేరు రాసేదీ ప్రభుత్వం వేసిన టైటిల్ రిజిస్టరింగ్ ఆఫీసరే, దాని మీద అప్పీలు వినేదీ ప్రభుత్వ అధికారే. ఆ తర్వాత నేరుగా హైకోర్టు. మధ్యలో ఉండే సివిల్ కోర్టులకు ఈ విషయాల్లో అధికారం తీసేశారు.

ఊళ్లో నాలుగెకరాలున్న మనిషికి దీని అర్థం ఏమిటో ఒక ఫైలు చూపించి చెప్తాను. పేర్లు, ఊరు వద్దు. రీసర్వే అయిన గ్రామం. అన్నదమ్ములు ముగ్గురు, తండ్రి పోయాక నోటి మాట మీద పంచుకుని ఎవరి చెక్క వాళ్లు సాగు చేసుకుంటున్నారు. రీసర్వేలో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీఎం నంబరు (కొత్త కొలత పటంలో ఆ పొలం ముక్కకు ఇచ్చిన గుర్తు) వచ్చింది. ముగ్గురి చెక్కలూ కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం వేసేశారు. పాత 1-బీలో మొత్తం 3 ఎకరాల 60 సెంట్లుంటే కొత్తదాంట్లో 3 ఎకరాల 42 సెంట్లు. ఆ 18 సెంట్లు ఎవరి వాటాలో తగ్గించాలి? చిన్నవాడు కువైట్‌లో ఉన్నాడు, సర్వేకి వస్తున్నామన్న నోటీసు అతనికి అందలేదు, వదిన సంతకం పెట్టింది. పెళ్లై వెళ్లిపోయిన చెల్లెలు ఒకామె ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు నుంచే మన రాష్ట్రంలో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంది. 2005 కేంద్ర సవరణతో పెళ్లి ఎప్పుడైందన్న అడ్డు కూడా పోయింది, కాబట్టి ఈమెకూ వాటా అడిగే హక్కుంది. ఆమె పేరు పాత రికార్డులో లేదు, కొత్త రికార్డులోనూ లేదు.

ఇప్పటి చట్టం కింద వీళ్లకి దారి ఉంది. చెల్లెలు పార్టిషన్ (పంపకం) దావా వేసుకోవచ్చు. హక్కు మీద ఆధారపడి స్వాధీనం కోరే దావాకు లిమిటేషన్ చట్టం 12 ఏళ్లు ఇస్తుంది. కువైట్ నుంచి తిరిగొచ్చాక కూడా చిన్నవాడికి టైముంటుంది. అదే టైట్లింగ్ చట్టం పూర్తిగా నడిచి ఉంటే, ఆ రిజిస్టరు నోటిఫై అయిన రెండేళ్లలో వీళ్లు లేచి అడగాలి. అడగకపోతే ఆ రాతే తిరుగులేని హక్కు. అడిగితే వినేది అధికారి. మండలాఫీసు చుట్టూ తిరిగే స్తోమత, తెలిసినవాళ్లు ఉన్నవాడు ఆ రెండేళ్లూ వాడుకుంటాడు. లేనివాడికి సంగతి తెలిసేసరికే గడువు అయిపోతుంది. హైకోర్టు ఉందిగా అంటారు. కానీ వినుకొండ నుంచి అమరావతికి పోయి హైకోర్టు లాయరును పెట్టుకోవడం 18 సెంట్ల కోసం ఎవరూ చేయరు. నేను చట్టాన్ని వ్యతిరేకించింది ఇందుకే. లాక్కోవడానికి పెట్టిన చట్టమని నేనెప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. పోగొట్టుకున్నవాడు తిరిగి తెచ్చుకోలేని చట్టమది.

ఇక మీ అక్కగారి వైపు. ధరణి కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది. ఈ రెండు రాష్ట్రాల గొడవల్నీ కలిపి చూడాలని నేననేది అందుకే.

కేసీఆర్ ప్రభుత్వం 2020లో కొత్త ఆర్ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం తెచ్చి, అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ధరణి మొదలుపెట్టింది. దాని మంచి ముందు చెప్పాలి. రిజిస్ట్రేషనూ, మ్యుటేషనూ (రికార్డులో కొత్త యజమాని పేరు ఎక్కించడం) ఒకే రోజు ఒకే ఆఫీసులో అయిపోయేవి. అంతకుముందు మ్యుటేషన్ కోసం నెలలు తిరిగినవాళ్లకి అది నిజంగా గొప్ప ఊరట. చెడ్డ ఏంటంటే, 2017 రికార్డుల ప్రక్షాళనలో పడిన తప్పులన్నీ అలాగే పోర్టల్లోకి ఎక్కాయి. వివాదాలున్నాయని పక్కన పెట్టిన పార్ట్-బీ జాబితాలో పడ్డ భూములకు పాస్‌బుక్కులు రాలేదు. సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో కనపడేది. పాస్‌బుక్కులో పేరో విస్తీర్ణమో దిద్దాలంటే తహశీల్దారుకు, ఆర్డీవోకు అధికారం తీసేశారు. దరఖాస్తు కలెక్టరు దాకా పోవాలి. అక్కడ రిజెక్టు అయితే అప్పీలు లేదు, సివిల్ కోర్టుకు పోండి అన్నారు.

చూశారా తేడా? ఆంధ్రాలో సివిల్ కోర్టు తలుపు మూసి ఆఫీసరు దగ్గరికి పొమ్మన్నారు. తెలంగాణలో ఆఫీసరు తలుపు మూసి సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. పేరులో ఒక అక్షరం తప్పు పడినవాడు కూడా దావా వేసుకోవాల్సి వచ్చింది. చట్టాలు రెండూ ఎదురెదురు దిక్కుల్లో ఉన్నా, ఊళ్లో మనిషి భయం ఒకటే: తప్పు పడింది, ఎవరికి చెప్పుకోవాలి?

2023 నవంబరులో తెలంగాణ సభల్లో దీని గురించి ఎలా మాట్లాడారో గుర్తుందా? కాంగ్రెస్ ధరణిని బంగాళాఖాతంలో వేస్తామంది. ధరణి పోతే రైతుబంధు పోతుంది, మళ్లీ దళారుల రాజ్యం వస్తుందని కేసీఆర్ ప్రతి సభలో చెప్పారు. రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాలో పడాలంటే ఒక రికార్డు కావాలి, నిజమే. ఆ రికార్డు ధరణే కానక్కర్లేదు. బంగాళాఖాతంలో వేశాక ఏం పెడతారన్న దానికి “భూమాత” అనే పేరు చెప్పారు తప్ప, అప్పీలు ఎవరు వింటారో సభల్లో వివరంగా చెప్పిన గుర్తు నాకు లేదు. ఆ ప్రశ్నకు జవాబు గెలిచిన తర్వాత వచ్చింది. 2025లో భూభారతి చట్టం తెచ్చి, తహశీల్దారు, ఆర్డీవో, కలెక్టరు స్థాయిల్లో దిద్దుబాటు, అప్పీలు మళ్ళీ పెట్టారు. చట్టం రాసిన తీరు నాకు నచ్చింది. నడిపే తీరు మండలానికో రకంగా ఉందని ఖమ్మం వైపు లాయరు మిత్రులు చెప్తున్నారు. మీ అక్కగారి ఇంట్లో ఏదైనా పాత ధరణి తప్పు మిగిలి ఉంటే ఆలస్యం చేయకుండా ఆ దారిలో అర్జీ పెట్టుకోమనండి.

పార్టీలు ఇలా ఎందుకు మాట్లాడతాయంటే, భూమి మీద భయం పుట్టించడం తేలిక, అప్పీలు గురించి చెప్పడం కష్టం. పింఛను సంగతి తీసుకోండి. 2024లో ఒకరు 4,000 అన్నారు, ఇంకొకరు దశలవారీగా 3,500 అన్నారు. ఒకటో తారీఖున చేతిలో ఎంత పడిందో అవ్వకే తెలుస్తుంది, ఎవరూ వివరించక్కర్లేదు. భూమి చట్టం అలా కాదు. దాని తప్పు బయటపడేది పదేళ్ల తర్వాత, అదీ మన ఇంట్లో గొడవ వచ్చినప్పుడు. అందుకే ఎవరు ఏం చెప్పినా ఆ క్షణంలో ఎవరూ కాదనలేరు. పక్కింటివాడు వాట్సాప్‌లో పంపిన వీడియోనే సెక్షన్ అయిపోతుంది.

ఈ గొడవ వల్లే వైసీపీ 11 సీట్లకు పడిపోయిందని కొందరు ఖాయంగా చెప్తుంటారు. నేను అంత దూరం పోను. ఉద్యోగాలు, రోడ్లు, రాజధాని, మద్యం, పొత్తు, చాలా ఉన్నాయి. పొలం ఉన్న ఇళ్లలో మాత్రం ఎన్నికల ముందు నెల రోజులూ దీని గురించే టెన్షన్ పడ్డారు, అది నేను కళ్లారా చూశాను. పాత దస్తావేజులు పట్టుకుని మా ఆఫీసుకొచ్చి “ఇవి చెల్లుతాయా అండీ” అని అడిగినవాళ్లలో రెండు పార్టీల వాళ్లూ ఉన్నారు.

తర్వాత జరిగింది మీకు తెలుసు. చంద్రబాబు 2024 జూన్ 13న బాధ్యతలు తీసుకున్న రోజే రద్దు ఫైలు మీద సంతకం పెట్టారు, జులైలో అసెంబ్లీ రద్దు బిల్లు పాస్ చేసింది. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు, మంచిదే. రద్దు చేయడంతో పని అయిపోయిందని మీ మేనమామ అనుకుంటే మాత్రం ఒప్పుకోను. రీసర్వేలో వచ్చిన జాయింట్ ఎల్‌పీఎంలు, తగ్గిన సెంట్లు చట్టంతో పాటు రద్దవ్వలేదు. డిసెంబరు 2024లో మొదలైన రెవెన్యూ సదస్సుల్లో అర్జీల వరద ఎందుకొచ్చింది మరి? నేను పైన చెప్పిన ముగ్గురన్నదమ్ముల ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది. ఒక భూమి మీద నాలుగు కాగితాలు నాలుగు మాటలు చెప్పే పాత రోగమూ అలాగే ఉంది. దానికి మందు ఏమిటో ఇప్పటి ప్రభుత్వం కూడా చెప్పాలి. ఆ ప్రశ్న అడగాల్సింది టీడీపీకి ఓటేసినవాళ్లే, అంటే మీ మేనమామే. రీసర్వే మొదలుపెట్టి ఆ తప్పుల్ని అలా వదిలేశారేమని అడగాల్సింది మీ నాన్నగారు.

వచ్చే ఎన్నికల్లో మీ గుమ్మం ముందుకు అభ్యర్థి వచ్చి ఏ పోర్టల్ గురించి మాట్లాడినా, ఏ చట్టం పేరు చెప్పినా, ముందు దాని పేరు పక్కన పెట్టమనండి. “మా పొలం రాతలో తప్పు పడితే మొదట ఎవరి దగ్గరికి పోవాలి? ఆయన వినకపోతే ఆ పైన జడ్జి ఉంటాడా, మళ్లీ ఆఫీసరేనా? ఎన్నాళ్ల గడువు? తేలేదాకా ఎదుటివాడు అమ్మకుండా ఆపుతారా? ఊళ్లో లేనివాడికి నోటీసు ఎలా ఇస్తారు?” అని అడగండి. ఎదుటి పార్టీని తిడుతూ మాట దాటేస్తే ఆయన చదవలేదని అర్థం. ఇంటికెళ్లి కనుక్కుని చెప్తానన్నా నేను ఆ మనిషిని గౌరవిస్తాను. మేనిఫెస్టోలో కూడా ఇవే వెతకండి. ఏది రద్దు చేస్తారో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని స్థానంలో ఏం పెడతారన్నది ఒక్క వాక్యమైనా ఉందేమో చూడండి.

చివరగా మీ నాన్నగారి పొలం సంగతి, అది ఏ పార్టీ కోసమూ ఆగదు. మీ గ్రామంలో రీసర్వే అయిందో లేదో సచివాలయంలో కనుక్కోండి. అయితే కొత్త ఎల్‌పీఎం, 1-బీ నకళ్లు తీసుకుని పాత అడంగల్, దస్తావేజు పక్కన పెట్టి సెంట్లు సరిచూడండి. ఆ పొలం మీద ఇప్పటిదాకా అయిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ ఒకటి తీయించండి. జాయింట్ ఎల్‌పీఎం ఉంటే వాటాదారులందరూ కలిసి విడదీయమని రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని రసీదు భద్రంగా పెట్టుకోండి. మీ అక్కగారి వాటా సంగతి కూడా ఇంట్లో కూర్చుని ఇప్పుడే తేల్చుకుని రిజిస్టరు పార్టిషన్ చేసుకోండి. ఈ పనికి మీ నాన్నగారినీ, మేనమామనీ ఇద్దర్నీ తీసుకెళ్లండి. సర్వేయరు గొలుసు లాగేటప్పుడు పాత గట్టు ఎక్కడుండేదో గుర్తున్నది వాళ్లకే.